బిల్లు చట్టము కాకమునుపే

(మన పాఠశాల తలిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ప్రతి సంవత్సరము ఈ సభయందు మార్కులను గూర్చియు, హాజరును గూర్చియు, బస్సు వేళలను గూర్చియు మాటలాడుకొనుట మనకు వాడుక. వానిని గూర్చి చెప్పుటకు తరగతి ఉపాధ్యాయులు సాయంకాలము వరకు ఇచ్చటనే యుందురు. నాకు కేటాయించిన ఈ కొద్దిసేపు నేను వేరొక విషయమును ప్రస్తావింపదలచితిని. మన బిడ్డలు ఏ భాషను ఎన్నవ భాగముగా చదువవలెనో, పదవ తరగతిలో ఏ పరీక్ష వ్రాయవలెనో నిర్ణయించునది నేను కాను, మీరును కారు, తుదకు విద్యాశాఖాధికారియు కాడు. శాసనసభలో తయారగు చట్టము దానిని నిర్ణయించును. అట్టి చట్టము తయారగుచున్నప్పుడు దానిని కనిపెట్టి యుండుట యెట్లు, చట్టము చేయువారి చెవిని మన మాట వేయుట యెట్లు అనునదియే నేటి విషయము.

ఇది రాజకీయము కాదా యని మన కార్యవర్గములో ఒకరు నన్నడిగిరి. ఓటు ఎవరికి వేయవలెనో నేను చెప్పినచో అది రాజకీయమగును, పాఠశాలలో అది తగదు. మబ్బు ఏ దిక్కున పట్టినదో చూచి కల్లములోని ధాన్యమును కప్పుకొనుట రాజకీయము కాదు గదా.

మీలో పెద్దపిల్లలు గలవారికి 2006 నాటి తమిళ అభ్యసన చట్టము జ్ఞాపకముండును. ఆ సంవత్సరము మే నెలలో ఎన్నికలు ముగిసి రాష్ట్రములో క్రొత్త ప్రభుత్వము ఏర్పడినది. ఆ 2006-07 విద్యాసంవత్సరమునందే ఒకటవ తరగతితో మొదలుపెట్టి, ఏటికొక తరగతి చొప్పున, పదవ తరగతి వరకు తమిళమును తప్పనిసరిగా నేర్పవలెనని ఆ చట్టము విధించినది. అంతకుమునుపు మన పిల్లలు మొదటి భాగముగా తెలుగును తీసికొనుచుండిరి. క్రొత్త ఏర్పాటునందు మొదటి భాగము తమిళము. రెండవ భాగము ఆంగ్లము. గణితము, విజ్ఞానము, సాంఘికము మొదలైనవి మూడవ భాగము. తమిళముగాని ఆంగ్లముగాని మాతృభాష కానివారు తమ మాతృభాషను నాలుగవ భాగముగా ఇష్టమున్నచో చదువుకొనవచ్చును. ఆ "ఇష్టమున్నచో" అను మాటతోనే తెలుగు మొదటి పంక్తినుండి లేచి కడపటి పంక్తికి పోయి కూర్చున్నది.

ఇందులో మీరు గమనింపవలసినది కాలము. చట్టము వచ్చిననాడు దాని పాలబడినవారు ఆరేండ్ల పిల్లలు. పదవ తరగతి తలిదండ్రులకు ఆనాడు దానితో పనిలేదు. ఒకటవ తరగతి తలిదండ్రులకు పదవ తరగతి పరీక్ష మిక్కిలి దూరమున నున్నది. పలకబలపము కొనుటయే వారి చింత. ఏటికొక మెట్టు చొప్పున ఆ చట్టము మెట్లెక్కి 2015-16లో పదవ తరగతికి చేరినది. అప్పుడు గాని రాష్ట్రమంతట తెలుగు, కన్నడ, మలయాళ, ఉర్దూ పాఠశాలల తలిదండ్రులలో పెద్ద కలవరము పుట్టలేదు. తరువాత జరిగినది మీకు తెలియును. న్యాయస్థానములకు పోయి, మాతృభాషలో పరీక్ష వ్రాయుటకు మినహాయింపు కోరవలసి వచ్చినది. మద్రాసు ఉన్నత న్యాయస్థానము మినహాయింపు లిచ్చినది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరి యొక్క సంవత్సరమునకు దానిని పొడిగించినది. ఇవి యన్నియు ఆయా సంవత్సరముల పరీక్షలకు చేసిన ఏర్పాటులే. చట్టము మాత్రము చట్టముగనే నిలిచి యున్నది.

న్యాయస్థానమును నేను తక్కువచేసి మాటలాడుట లేదు. ఆపదలో ఆదుకొన్నది అదియే. కాని న్యాయస్థానము చేయదగిన పని వేరు, శాసనసభ చేయదగిన పని వేరు. ఈ చట్టము చేయుటకు శాసనసభకు అధికారము కలదా, రాజ్యాంగమునకు ఇది విరుద్ధమా అని న్యాయమూర్తులు చూతురు. ఈ వాక్యమునకు బదులు ఆ వాక్యము పెట్టినచో బాగుండునని వారు సాధారణముగా చెప్పరు. అది వారి పని కాదు. ఒక మాటను తీసి ఇంకొక మాటను పెట్టుట శాసనసభ్యునికి అరనిమిషపు పని, అదియు బిల్లు సభముందున్న ఆ కొద్దిదినములలో మాత్రమే. ఆ దినములు దాటిన పిదప అదే మాటను మార్చుటకు న్యాయవాదులు, వాయిదాలు, చందాలు కావలసి వచ్చుచున్నవి.

ఇచ్చట ఒకమాట తేటగా చెప్పవలెను. మన బిడ్డలకు తమిళము వద్దని నేను చెప్పువాడను కాను. హోసూరు సంతలో బేరము చేయుటకు, కృష్ణగిరి కలెక్టరు కచేరిలో అర్జీ ఇచ్చుటకు, ప్రక్కయింటి పిల్లలతో ఆడుకొనుటకు తమిళము కావలెను. మన పిల్లలలో అనేకులు తమిళమును చక్కగా చదువుచున్నారు, మంచి మార్కులును తెచ్చుకొనుచున్నారు. తెలుగును త్రోసివేయక తమిళమును చేర్చుకొను దారి ఏది యనునదే మన ప్రశ్న. అట్టి దారి బిల్లులోని ఒకటి రెండు మాటలలో నుండును. కనుక బిల్లును చదువుట నేర్చుకొనవలెను.

మొదట బిల్లు నడకను చెప్పెదను. మన తమిళనాడునకు ఒకే సభ కలదు. శాసనమండలి 1986లో రద్దయినది. అందుచేత ఒక సభలో తొందరపడి ఆమోదించినదానిని రెండవ సభ నిలిపి చూచుట యను అవకాశము ఇచ్చట లేదు. కర్ణాటకమునను మహారాష్ట్రమునను రెండు సభలు కలవు. ఏదేని శాఖలో ముసాయిదా తయారగును, న్యాయశాఖ దానిని సరిచూచును, మంత్రివర్గము అంగీకరించును, మంత్రి సభలో ప్రవేశపెట్టును. పిమ్మట చర్చ, క్లాజు వెంట క్లాజు పరిశీలన, సవరణలు, తుది ఆమోదము. అటుపిమ్మట గవర్నరు సంతకము. ఆయన సమ్మతింపవచ్చును, సమ్మతిని నిలిపి తిరిగి పంపవచ్చును, రాష్ట్రపతికి నివేదింపవచ్చును. గవర్నరు ఎన్నిదినములలో ఏదో యొకటి చేయవలెనన్న వివాదము 2025లో సుప్రీంకోర్టు వరకు పోయినది గాని అది మన నేటి ప్రసంగమునకు అంతగా అవసరము లేదు.

పుస్తకములో చదువునప్పుడు ఈ నడక చాల నిదానమైనదిగా తోచును. వాస్తవమున అట్లు కాదు. రాష్ట్రముల శాసనసభలలో ఇటీవలి సంవత్సరములలో ఇంచుమించు సగము బిల్లులు ప్రవేశపెట్టిన దినముననో మరునాడో ఆమోదము పొందుచున్నవని పి.ఆర్.ఎస్. లెజిస్లేటివ్ రీసెర్చ్ అను సంస్థ ఏటేట లెక్కగట్టి ప్రకటించుచున్నది. ఉదయము వచ్చిన బిల్లు సాయంకాలమునకు సభను దాటుచున్నదన్నమాట. మన యింట పెండ్లిపత్రిక అచ్చువేయించుటకైనను ఇంతకంటె ఎక్కువ తడవు పట్టును. కనుక సభలో బిల్లు పడిన పిదప మేల్కొందమన్న ఆలోచన పనికిరాదు. ముసాయిదా దశలో, మంత్రి బహిరంగముగా ఒకమాట అన్న దశలో, విషయసూచన పత్రికలో పడిన దశలోనే దృష్టి పెట్టవలెను.

ఎల్లప్పుడును ఇట్లే యుండెనా? లేదు. 1944లో నియమితమైన హిందూ న్యాయశాస్త్ర సంఘమునకు బి.ఎన్.రావు గారు అధ్యక్షులు. ఆ సంఘము తాను సిద్ధపరచిన ముసాయిదాను పలు ప్రాంతీయ భాషలలోనికి అనువదింపజేసి, 1945లో బొంబాయి, కలకత్తా, లాహోరు, మన మద్రాసు మొదలైన నగరములకు పోయి సాక్ష్యములు తీసికొన్నది. ఆనాడు టెలిఫోను గల యిండ్లే అరుదు. నేడు ప్రతివాని చొక్కా జేబులోను ఫోనున్నది; మన రాష్ట్రపు బిల్లు మాత్రము తమిళములోను ఆంగ్లములోను తప్ప వెలువడదు. కేంద్రప్రభుత్వము 2014లో ఒక విధానమును ప్రకటించి, ముసాయిదా బిల్లులను కనీసము 30 దినములు ప్రజలముందుంచవలెనని తన శాఖలకు చెప్పినది. అది రాష్ట్రములను కట్టుబరచునది కాదు. అయినను 2005 నాటి సమాచారహక్కు చట్టము నాలుగవ సెక్షను రాష్ట్రములకును చెల్లును. ప్రజలకు సంబంధించిన ముఖ్యవిధానములను రూపొందించునప్పుడు సంబంధిత విషయములన్నింటిని ప్రకటింపవలెనని అందు కలదు. "మాకు ముందుగా ఏల తెలుపలేదు?" అని అడుగుటకు అది ఆధారము.

ఇక ఇద్దరు ముగ్గురు పొరుగువారి కథలు చెప్పెదను. మనవారు అనేకులు ప్రతి ఉదయము అత్తిబెలె దాటి బొమ్మసంద్రలోను, ఎలక్ట్రానిక్ సిటీలోను పనికి పోవుచున్నారు గదా. 2024 జూలై 15న కర్ణాటక మంత్రివర్గము ఒక బిల్లునకు ఆమోదమిచ్చినది. పరిశ్రమలలో యాజమాన్యపు ఉద్యోగములలో నూటికి 50, తక్కిన ఉద్యోగములలో నూటికి 70 స్థానికులకే ఈయవలెనన్నది దాని సారము. పత్రికలన్నియు ఈ 50, 70 అంకెలను పెద్ద అక్షరములతో అచ్చువేసినవి. నాబోటి బడిపంతులు చూడవలసిన చోటు అది కాదు. "స్థానికుడు అనగా ఎవడు?" అని చెప్పు నిర్వచనపు క్లాజును చూడవలెను. కర్ణాటకలో పుట్టి, 15 ఏండ్లుగా అచ్చట నివాసముండి, కన్నడము మాటలాడుటకు, చదువుటకు, వ్రాయుటకు వచ్చినవాడు స్థానికుడు. అంతటితో ఆగక, ఉన్నత పాఠశాల ధ్రువపత్రమునందు కన్నడము ఒక భాషగా లేనివాడు కన్నడపు పరీక్ష యొకటి నెగ్గవలెనని కూడ అందున్నది. చూచితిరా! మనవాడు ఏ రాష్ట్రములో పుట్టినాడో, ఏ బడిలో ఏ భాష చదివినాడో అన్న మన యింటి సంగతి ఫ్యాక్టరీల బిల్లులో నిర్వచనముగా కూర్చున్నది. పేరునందు "విద్య" అన్న మాటయే లేదు. పేరును చూచి ఇది మనకు సంబంధించినది కాదని త్రోసివేయువాడు చిక్కులో పడును.

ఆ బిల్లు గతి యేమైనది? పరిశ్రమల సంఘములు ఒకటి రెండు దినములలోనే తమ అభ్యంతరములను తెలిపినవి. పత్రికలలో పెద్ద చర్చ జరిగినది. జూలై 17న ప్రభుత్వమే దానిని నిలిపివేసితిమని ప్రకటించినది. అది సభలో అడుగైన పెట్టలేదు. అది మంచిబిల్లో చెడ్డబిల్లో నేను తీర్పు చెప్పను. స్థానిక యువకులకు పని కావలెనన్న కోరికలో తప్పేమియు లేదు. ఎవరు ఎంత వేగముగా మాటలాడిరో చూడుడు. వారికి బిల్లులను చదువు గుమాస్తాలున్నారు. అత్తిబెలె దాటి పోవు మన యువకుని మాటను వినిపించినవారు మాత్రము నాకు కానరాలేదు.

రెండవది మన రాష్ట్రపు కథయే, అదియు మన హోసూరు కార్మికులకు బాగుగా తెలిసినదే. 2023 ఏప్రిల్ 21న ఫ్యాక్టరీల చట్టమునకు సవరణ బిల్లు మన శాసనసభలో ఆమోదము పొందినది. వారమునకు 48 గంటల పరిమితి మారకుండ, దినమునకు 12 గంటల వరకు పని చేయించుకొనుటకు కర్మాగారములకు సడలింపు ఈయవచ్చునన్నది అందలి విషయము. ప్రభుత్వమును బలపరచు మిత్రపక్షములే సభనుండి వెలికి నడచినవి. కార్మికసంఘములు మంత్రులతో మాటలాడినవి. ఏప్రిల్ 24న ముఖ్యమంత్రి దాని అమలును నిలిపివేసి, మే 1న, కార్మికదినమునాడు, దానిని ఉపసంహరించుకొన్నట్లు ప్రకటించిరి. సభ ఆమోదించిన పిదపనైనను బిల్లు వెనుకకు రావచ్చునని దీనివలన తెలియుచున్నది. అదే ఏప్రిల్ 21న, అదే సభలో, భూసమీకరణమును గూర్చిన ఇంకొక బిల్లు కూడ ఆమోదము పొందినది. 100 హెక్టారులకు తక్కువ గాని పెద్ద పథకముల భూములలో చెరువులు, కాలువలు ఉన్నచో వానిని ఏమి చేయవలెనన్నది దాని విషయము. రైతులకు ఇది చిన్న సంగతియా? అయినను ఆ వారము ఊరంతయు 12 గంటల పనిని గూర్చియే మాటలాడినది. ఇది ఆ యేడే చట్టమైనది. ఒకే దినమున పుట్టిన రెండు బిల్లులు. ఒకదానికి అడుగువారున్నారు, ఒకదానికి అంతగా లేరు.

బిల్లుపై సభాసంఘమును వేసి ప్రజల సూచనలను కోరుట కూడ అక్కడక్కడ జరుగుచున్నది. మహారాష్ట్రములో ప్రత్యేక ప్రజాభద్రతా బిల్లును 2024లో ఉభయసభల సంయుక్త సంఘమునకు పంపగా, సుమారు 12,500 సూచనలు వచ్చినవి. కొన్ని మార్పులతో అది 2025 జూలైలో సభలను దాటినది. ఆ మార్పులు చాలునా చాలవా యన్నది నేటికిని వాదములో నున్నది. సోలాపురములోను, భివండిలోను మనవలెనే తెలుగువారున్నారు; వారిలో ఎందరు ఆ సంఘమునకు వ్రాసిరో నేను చెప్పలేను గాని, వ్రాయదలచినవారికి తలుపు తెరిచియుండెను.

ఇప్పుడు చేతికి వచ్చు కాగితములను గూర్చి. ఏటేట పరీక్షలకు ముందు మన తలిదండ్రులు ఫోనులో వచ్చిన వాట్సాప్ వార్తను చూపి "ఇది నిజమా?" అని నన్ను అడుగుచుందురు. నేను వారిని తిరిగి అడుగునది ఒకటే: అది బిల్లా, ఆర్డినెన్సా, జీ.ఓ.యా, లేక డైరెక్టరు గారి సర్క్యులరా? నాలుగును నాలుగు దారులు. బిల్లు అయినచో శాసనసభ్యుని పట్టుకొనవలెను. ఆర్డినెన్సు సభ కూడనప్పుడు మంత్రివర్గపు సలహాపై గవర్నరు చేయునది. సభ తిరిగి కూడిన ఆరు వారములలో ఆమోదము పొందకున్న అది చెల్లకపోవును. 2024 జనవరిలో కర్ణాటక ప్రభుత్వము నామఫలకములలో నూటికి 60 పాళ్లు కన్నడముండవలెనని ఆర్డినెన్సు పంపగా, సభలోనే పెట్టుడని గవర్నరు తిరిగి పంపిరి. ఫిబ్రవరిలో అది బిల్లుగా వచ్చి ఆమోదము పొందినది. జీ.ఓ. అయినచో శాఖ కార్యదర్శికి, సర్క్యులరు అయినచో డైరెక్టరుకు వ్రాయవలెను. సర్క్యులరును గూర్చి గవర్నరుకు, బిల్లును గూర్చి హెడ్మాస్టరుకు అర్జీ పెట్టుట వలన తపాలా ఖర్చు తప్ప ఫలము లేదు. నాకు అట్టి అర్జీలు వచ్చిన మాట నిజమే.

అయిదవ కాగితము ఒకటి కలదు, దానిని ఎవరును చూడరు. చట్టములో "నియమములచే నిర్ణయింపబడిన రీతిని" అని యుండును. ఆ నియమములు తరువాత వచ్చును. పరీక్ష ఎట్లు, మార్కులెట్లు, ఉపాధ్యాయులెందరు అన్న అసలు సంగతులు అందులోనే యుండును. ముందుగా ప్రచురించి అభ్యంతరములు విన్న పిదపనే నియమములు చేయవలెనని చట్టము చెప్పినచోట, గెజిట్‌లో ముసాయిదా వెలువడును. ఇన్ని దినములలో వ్రాయుడని అందుండును. ఆ గడువులోపల మనము వ్రాసినదానిని పరిశీలింపవలసిన బాధ్యత ప్రభుత్వముపై నుండును. ప్రభుత్వము చెవియొగ్గియున్న సమయములో మనము మౌనముగా నుండుట తగదు.

మన రాష్ట్ర గెజిట్‌లో బిల్లులు నాలుగవ భాగపు మొదటి విభాగమున అచ్చగును, చట్టములు రెండవ విభాగమున. నేడు అవి ప్రభుత్వ ముద్రణశాఖవారి వెబ్‌సైటులో ఉచితముగా దొరకును. బిల్లు చేతికి వచ్చినప్పుడు మొదటినుండి చదువవద్దు. తుదినుండి చదువుడు. తుదిని "ఉద్దేశములు, కారణములు" అను ప్రకటన యుండును. అది రెండు మూడు పేరాలలో బిల్లు ఏల వచ్చినదో చెప్పును. పిమ్మట నిర్వచనముల క్లాజునకు రావలెను. తరువాత అమలు తేదీ. ఆపైన "చేయవలెను" అన్నచోట్లను, "చేయవచ్చును" అన్నచోట్లను వేరుచేసి గీతలు గీయవలెను. మొదటిది ప్రభుత్వమును కట్టివేయును, రెండవది వదలివేయును. పిల్లవానికి వ్యాకరణము చెప్పునట్లే ఇదియు.

వ్రాయుట యెట్లు? రాజ్యాంగపు 350వ అధికరణము ప్రకారము కష్టనివారణకొరకు కేంద్రములోగాని రాష్ట్రములోగాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను ఏ అధికారికైనను విన్నపము పంపు హక్కు మనకు కలదు. తెలుగులో వ్రాసినచో త్రోసివేయుటకు వీలులేదు. అయినను నా సలహా యేమనగా తమిళములో వ్రాసి, తెలుగుప్రతిని జతపరచుడు. చదువువాని చేతికి సులభముగా నుండుట మన లాభము. 1956లో చేర్చిన 350-ఏ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యములు కల్పింపవలెనని చెప్పును. 350-బి భాషా అల్పసంఖ్యాకులకొరకు ప్రత్యేకాధికారిని ఏర్పరచును. ఆయనకును ఒక ప్రతి పంపవచ్చును. మన శాసనసభలో అర్జీల సంఘము కూడ కలదు. అన్నిటికంటె దగ్గరివాడు మాత్రము మన నియోజకవర్గపు సభ్యుడు. సవరణ నోటీసు ఈయగలవాడు ఆయనయే.

ఇతర పాఠశాలలవారు పంపిన విన్నపములను కొన్నింటిని నేను చూచితిని. ఒకటి ఆరుపుటలు. అందు అయిదు పుటలు తెలుగుభాషా ప్రశస్తి. రాజులు, కవులు, తేనె, పాలమీగడ. కోరినది ఏమో ఆరవపుట చివరి పంక్తిలో కాని తెలియదు. ఆ కవులపై నాకును గౌరవమే, తరగతిలో పాఠము చెప్పుచునే యున్నాను. కాని సచివాలయపు గుమాస్తాకు వారితో పనిలేదు. ఒక పుటలో మూడు సంగతులుండిన చాలును: ఏ క్లాజు, అందువలన మన బిడ్డలకు కలుగు ఇబ్బంది యేమి, దానికి బదులు ఏ మాటలు పెట్టవలెను. ఈ మూడవది ముఖ్యము. "న్యాయము చేయవలెను" అని వ్రాసినచో సభ్యుడు జాలిపడి కాగితమును మడచిపెట్టును. "నాలుగవ భాగమునందలి మార్కులను మొత్తము మార్కులలో చేర్చవలెను" అని ఒక వాక్యమును సిద్ధముగా ఇచ్చినచో, ఆయన దానిని సవరణగా చదువగలడు. మన బడిలో ఎందరు పిల్లలు, ఎందరు తెలుగు ఉపాధ్యాయులు, ఎన్ని ఖాళీలు అన్నవానిని ఉన్నవి ఉన్నట్లు వ్రాయవలెను. ఒక్క అంకె పెంచి వ్రాసినచో తక్కిన వానిని ఎవరును నమ్మరు. చదువకుండ సంతకము చేయువారి సంతకములు వేయి కంటె, అడిగినప్పుడు సంగతి చెప్పగలవారి సంతకములు నలువది మేలు.

పోయిన సమావేశములో ఒక తల్లి లేచి, "అయ్యవారూ, నాకు సంతకం తప్ప ఇంకేమీ రాదు, నేను యాడికి రాసేది?" అని యడిగినది. "మీరు చెప్పండమ్మా, మీ పాప రాస్తుంది" అంటిని. ఆమె చెప్పినది, ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆ బాలిక వ్రాసినది. ఇంటిలో తాను తెలుగుపుస్తకము చదివి తల్లికి వినిపించుచుందుననియు, తెలుగు పోయినచో తల్లికి తన చదువులో చేరుటకు వేరు దారి లేదనియు అందులో నున్నది. పది పంక్తులు. రాజులు, కవులు లేరు. అంతకంటె మంచి విన్నపమును నేను చూడలేదు.

ఎంత వ్రాసినను వారు వినరు, ఎక్కువమంది ఓట్లు గలవారి మాటయే చెల్లును అని నిరాశ చెప్పువారు మనలోనే కలరు. వారి మాటలో నిజము లేకపోలేదు. మన సంఖ్య చెదరినది. ఒక నియోజకవర్గములో కొందరము, ఇంకొకదానిలో కొందరము. అందుచేతనే ఒంటరిగా వ్రాయకూడదు. మనకు వచ్చిన ఇబ్బందియే కన్నడ, మలయాళ, ఉర్దూ బడులకును వచ్చుచున్నది. అందరును కలిసి ఒకే క్లాజును, ఒకే వాక్యమును కోరినచో సభలో నలుగురైదుగురు సభ్యులైనను ఒకేమాట పలుకుదురు. పన్నెండు గంటల పని బిల్లును నిలిపినది కార్మికసంఘములు ఒక్కొక్కటి విడివిడిగా పలుకుటవలన కాదు గదా.

ఇక ఏర్పాట్లు చెప్పి ముగించెదను. శాసనసభ కూడు దినములలో మన కార్యాలయపు గోడమీది నల్లబల్లపై, ఆ వారము సభలో పడిన బిల్లుల పేర్లు తెలుగులో వ్రాయబడును. తమిళ ఉపాధ్యాయినిగారు గెజిట్ చదువుటకు దయతో అంగీకరించిరి. ఆమె తమిళభాషాభిమాని, మనకు ఇంతకంటె మంచి సహాయము దొరకదు. పెద్ద తరగతుల పిల్లలు పౌరశాస్త్రపు గంటలో ఏదేని ఒక బిల్లు నిర్వచనములను తెలుగులోనికి అనువదింతురు. తలిదండ్రులలో కర్మాగారమున పనిచేయువారు ఇద్దరు, వ్యవసాయము చేయువారు ఇద్దరు, వ్యాపారులు ఒకరు, తల్లులు ముగ్గురు కలిసి ఒక చిన్న సంఘముగా ఏర్పడవలెనని కోరుచున్నాను. పేర్లు ఇచ్చువారు గుమాస్తాగారి బల్లమీది నోటుపుస్తకములో, ఫోను నంబరుతో కూడ, నేడే వ్రాసిపోవుడు. మొదటి సమావేశము వచ్చు ఆదివారము ఉదయము పదిగంటలకు, ఏడవ తరగతి గదిలో. ఆ గదిలో పంకా చెడినది. దానిని బాగుచేయించు ఖర్చును గూర్చి కార్యదర్శిగారు ఇప్పుడు మాటలాడుదురు.